నేటాల్ బొగ్గు – మన పెద్దలు – మన ఇళ్ళ దీపాలు

మేము తెలుగు అక్షరాలు దిద్దుకొన్నది నడివయస్సులో, సాయంకాలపు తరగతిలో, చిన్న పిల్లల బల్లమీద మోకాళ్ళు ఇరికించుకొని కూర్చొని. కనుక భాషలో తప్పులుంటే మన్నించగలరు. చెప్పదలచిన సంగతి మాత్రం మాకు బాగా తెలిసినది. అది బొగ్గు సంగతి. మన సంచికలలో చెరకు తోటల గురించి చాలామంది వ్రాశారు, ఇంకా వ్రాస్తారు. బొగ్గు గురించి వ్రాసినవారు తక్కువ. చెరకు తోటల కుటుంబాలు ఎక్కువ, గనుల కుటుంబాలు తక్కువ కావడమే దానికి కారణం అనుకొంటాము. మాది గనుల కుటుంబం.

మొదట రైలు సంగతి చెప్పాలి. మన వాళ్ళను మదరాసు నుండి తెచ్చిన మొదటి ఓడ ట్రూరో డర్బన్ చేరినది 1860 నవంబరు 16న. ఈ తేదీ మన పిల్లలకు కూడా తెలుసు. అదే సంవత్సరం జూన్ 26న, అంటే ఐదు నెలల ముందు, అదే డర్బన్‌లో దక్షిణాఫ్రికా మొట్టమొదటి రైలు నడిచిందని ఎంతమందికి తెలుసు? రేవు దగ్గర నుండి ఊరిలోకి సుమారు మూడు కిలోమీటర్లు, అంతే. కూలివాడూ ఆవిరి ఇంజనూ ఒకే ఏడాది ఈ రేవులో దిగారన్నమాట. ఆ తరువాత ఏభై ఏళ్ళు ఈ ఇద్దరూ కలిసే నేటాల్‌ను నడిపారు.

ఇంజనుకు బొగ్గు కావాలి. నేటాల్ ఉత్తరాన డండీ, న్యూకాసిల్ ప్రాంతాలలో బొగ్గు ఉన్నదని ముందే తెలుసు. వాగుల గట్లమీద నల్లని పొరలు పైకే కనిపించేవి. రైలు రాక ముందు దానిని త్రవ్వి ఎద్దుబండ్లలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ సంతకు తెచ్చి అమ్మేవారు. అలా ఎంత అమ్మగలరు? 1890 నాటికి రైలుపట్టాలు న్యూకాసిల్ చేరాయి. అప్పుడు ఆ బొగ్గుకు ఒక్కసారిగా విలువ వచ్చింది. రైళ్ళు ఆ బొగ్గుతో నడిచాయి, డర్బన్ రేవుకు వచ్చిన ఆవిరి ఓడలు ఆ బొగ్గును నింపుకొన్నాయి. మన తాతలను తెచ్చిన ఓడలలో ఎన్నో తిరుగు ప్రయాణానికి ఈ బొగ్గే ఎత్తుకొని ఉంటాయి. మనుష్యులను దించి బొగ్గు ఎక్కించుకోవడం! ఈ మాట తలచుకొన్నప్పుడల్లా మాకు నోట మాట రాదు.

ఇక్కడ ఒక్క పక్కమాట. సరిగ్గా ఆ కాలంలోనే మన మాతృదేశంలోను తెలుగువారి నేలలో బొగ్గు త్రవ్వకం మొదలైంది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1871లో నిజాం రాజ్యంలోని ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. 1889లో త్రవ్వకం మొదలైంది. భద్రాచలం వెళ్ళే యాత్రికులు నల్లరాళ్ళను పొయ్యిరాళ్ళుగా పెట్టుకొని వంట చేస్తుంటే ఆ రాళ్ళే అంటుకొని మండాయని, అలా బొగ్గు బయటపడిందని అక్కడివారు చెప్పుకొంటారు. కథ ఎంత నిజమో గాని, రామదర్శనానికి పోయేవారి అన్నం కుండ క్రింద బొగ్గు దొరికిందన్న మాట వినడానికి బాగుంటుంది. ఆ గనులే నేటి సింగరేణి. మా తాత సముద్రం దాటకుండా ఉత్తరానికి నడిచి వెళ్ళినా బహుశా బొగ్గులోనే తేలేవాడేమో.

మా తాత ఉత్తర ఆర్కాటు జిల్లా చిత్తూరు తాలూకావాడు. (చిత్తూరు ప్రత్యేక జిల్లా అయినది 1911లో, తాత బయలుదేరినప్పుడు ఇంకా కాలేదు.) 1908లో, ఇరవై ఏళ్ళ వయస్సులో, చెరకు తోటలో పని అని చెప్పి ఓడ ఎక్కించారు. దిగిన తరువాత రైలు ఎక్కించారు. చెరకు తోటలన్నీ కిటికీలో నుండి వెనక్కి పోయాయి. రైలు ఇంకా కొండలెక్కుతూనే ఉంది. చలి ఎక్కువైంది. దిగేసరికి నేల నల్లగా ఉంది. ఈ మాటలు మా తాతవి. మాకు తొమ్మిదేళ్ళప్పుడు, 1968లో, ఆయన పోయేముందు చలికాలం చెప్పినవి.

ఒప్పందం ఐదేళ్ళు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె లెక్కప్రకారం కొలిచి ఇస్తారు. గనిలో తాత పని కోకోపాన్లు త్రోయడం. ఇప్పటి పిల్లలకు కోకోపాన్ అంటే తెలియదు. అది పట్టాలమీద నడిచే చిన్న ఇనుప తొట్టి. లోపల బొగ్గును అంతా త్రవ్వివేయరు. మధ్య మధ్య స్తంభాలుగా వదలిపెడతారు. ఆ స్తంభాలే పైకప్పును మోస్తాయి. స్తంభాల మధ్య దారులలో వంగి నడుస్తూ నిండు తొట్టిని త్రోయాలి. తాత నిటారుగా నిలబడటం మేమెన్నడూ చూడలేదు.

పైకప్పు కూలడం ఒక భయం. అంతకంటె పెద్ద భయం వాయువు. బొగ్గు పొరలలో మీథేన్ చిక్కుకొని ఉంటుంది. బొగ్గు త్రవ్వితే అది బయటికి వస్తుంది. ఒక నిప్పురవ్వ చాలు. వాయువు ప్రేలితే నేలమీది బొగ్గుపొడి గాలిలోకి లేస్తుంది. ఆ పొడి అంటుకొంటే మొదటి ప్రేలుడు కంటె రెండవది ఘోరంగా ఉంటుంది. డండీ సమీపాన 1926 అక్టోబరులో జరిగిన ఒక్క ప్రేలుడులో నూరు మందికి పైగా చనిపోయారు. హ్లోబానే గనిలో 1944లో 57 మంది, అదే గనిలో మళ్ళీ 1983లో 68 మంది. ఫ్రీ స్టేట్‌లోని కోల్‌బ్రూక్‌లో 1960 జనవరి 21న ప్రేలుడు కాదు, స్తంభాలు విరిగి గని కూలింది. నాలుగు వందల ముప్పై మందికి పైగా లోపలే ఉండిపోయారు. స్తంభాలను మరీ సన్నంగా చెక్కి బొగ్గు తీశారు. ఇలా చనిపోయినవారిలో అత్యధికులు ఆఫ్రికన్ సోదరులు. మన వారి చరిత్ర వ్రాసేటప్పుడు ఈ మాట వదలివేయరాదు.

ఇక 1913. మన పాఠశాలల్లో ఈ సమ్మె గురించి చెప్పేటప్పుడు గాంధీ మహాత్ముని గురించి చెబుతారు, మూడు పౌన్ల పన్ను గురించి చెబుతారు. మేము కూడా ముప్పైయేళ్ళు అలాగే చెప్పాము. అయితే ఆ సమ్మె చెరకు తోటలో కాక బొగ్గుగనుల ఊళ్ళో ఎందుకు మొదలైందన్న ప్రశ్న మాకు చాలా ఆలస్యంగా తట్టింది.

పన్ను సంగతి క్లుప్తంగా. 1895 చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన కూలివాడు ఇండియాకు తిరిగిపోవాలి, లేదా మళ్ళీ ఒప్పందం వ్రాయాలి, లేదా ఏటా మూడు పౌన్లు కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. మొదటి ఏడాది కూలి లెక్కన ఆరు నెలల జీతం. భార్యకు వేరే, పదహారు దాటిన కొడుకుకు వేరే, పదమూడు దాటిన కూతురికి వేరే. మా తాత ఐదేళ్ళు ముగిసినది 1913లో. చేతిలో ఏమీ లేదు.

ఆ అక్టోబరులో ట్రాన్స్‌వాల్ నుండి వచ్చిన స్త్రీలు, ఎక్కువమంది తమిళ సోదరీమణులు, న్యూకాసిల్ కంపౌండులకు వెళ్ళి పనివారితో మాట్లాడారు. వారిని అరెస్టు చేసి మూడు నెలల కఠినశిక్ష వేశారు. చంకలో బిడ్డలతో జైలుకు పోయిన ఆడవారిని చూసి మగవారు గనిలోకి దిగలేకపోయారని తాత అనేవాడు. ఒక గని తరువాత ఒక గని ఆగింది. బొగ్గు ఆగితే రైలు ఆగుతుంది. రైలు ఆగితే రేవు ఆగుతుంది. చెరకు నెలరోజులు ఆలస్యమైనా చెరకే. ఆవిరి ఇంజను మాత్రం ఒక్క పూట కూడా బొగ్గు లేకుండా కదలదు. నెలకు పదమూడో పద్నాలుగో షిల్లింగుల కూలివాని చేతిలో అంత బలం ఉన్నదని ప్రభుత్వానికి, బహుశా కూలివానికి కూడా, అప్పుడే తెలిసింది.

అక్టోబరు 28న న్యూకాసిల్ నుండి నడక బయలుదేరింది. సరిహద్దు ఊరు చార్లెస్‌టౌన్ ముప్పై ఆరు మైళ్ళు. మనిషికి రోజుకు ఒకటిన్నర పౌన్ల రొట్టె, ఒక ఔన్సు చక్కెర. నవంబరు 6న ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటినవారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు అని గాంధీగారే లెక్క వ్రాశారు. దారిలో ఇద్దరు తల్లులు పసిబిడ్డలను పోగొట్టుకొన్నారు. తరువాత అందరినీ పట్టుకొని రైళ్ళలో నేటాల్‌కు త్రిప్పి పంపారు. జైళ్ళు చాలలేదు. అందుకని గనుల కంపౌండులనే జైళ్ళుగా ప్రకటించి, గనుల ఉద్యోగులనే జైలు వార్డర్లుగా నియమించారు. శిక్ష ఏమిటంటే బొగ్గు త్రవ్వడం! తాత ఈ భాగం చెప్పేటప్పుడు నవ్వేవాడు. ఎందుకు నవ్వేవాడో మాకు అప్పుడు తెలియలేదు.

సమ్మె సముద్రతీరపు చెరకు తోటలకు కూడా ప్రాకింది; అక్కడ కాల్పుల్లో కూలీలు చనిపోయారు. 1914లో చట్టం చేసి పన్ను ఎత్తివేశారు. కొత్త కూలీలను తేవడం 1911లోనే ఆగిపోయింది. మెల్లమెల్లగా మన వాళ్ళు గనులు విడిచి తోటపనికి, రైల్వేకు, దుకాణాలకు, డర్బన్‌కు వెళ్ళిపోయారు. మా కుటుంబం వెళ్ళలేదు. ఎందుకని అడిగితే మా అవ్వ, "చలికి అలవాటు పడిపోయాము నాయనా" అనేది.

మా నాన్నగారు గని పైన, బొగ్గును జల్లెడ పట్టే షెడ్డులో పని చేశారు. బెల్టుమీద బొగ్గు వస్తుంటే రాళ్ళు ఏరి పారవేయాలి. లోపలికి దిగనక్కరలేదు, అదే గొప్ప అనుకొన్నారు. షెడ్డులో ధూళి ఎంత ఉండేదంటే ఎదుటి మనిషిని గొంతునుబట్టి గుర్తుపట్టేవారట. సాయంత్రం ఇంటికి వచ్చి స్నానం చేసినా కనురెప్పల అంచున నల్లని గీత మిగిలేది, కాటుక పెట్టుకొన్నట్టు. అవ్వ ఎగతాళి చేసేది.

ఇంట్లో బొగ్గుకు కొదువ లేదు. వెల్‌కమ్ డోవర్ స్టవ్ వంటింట్లో రాజులాగ కూర్చొని ఉండేది. డండీ ప్రాంతపు చలి ఎరిగినవారికి ఆ స్టవ్ విలువ తెలుస్తుంది. పురటాసి నెలలో ఇల్లంతా కడిగి, మాంసం మాని, గోవింద నామం చెప్పుకొంటూ ఆ స్టవ్‌మీదే పులిహోర కలిపేవారు. వెనుక ట్యాంకులో నీళ్ళు ఎప్పుడూ వేడిగా ఉండేవి. పేదవాని ఇంట్లో వేడినీళ్ళు! ఇది బొగ్గు ఇచ్చిన సుఖం, దానిని కాదనము.

దీపం మాత్రం పారఫిన్ దీపం. మా ఇంటి పైనుండి కరెంటు తీగలు పోయేవి. మేనేజరుగారి బంగళాలో టెన్నిస్ కోర్టుకు కూడా దీపాలుండేవి. ఆ కరెంటు మా నాన్న ఏరిన బొగ్గుతో పుట్టినదే. మేము ఆ తీగల క్రింద కూర్చొని, ముక్కులో మసి పట్టేటట్టు, పారఫిన్ దీపం దగ్గర లెక్కలు చేసుకొన్నాము. ఇది మా ఒక్కరి కథ కాదు. 1994లో ఈ దేశంలో సగం ఇళ్ళకు కూడా కరెంటు లేదు. 2022 జనాభా లెక్కలనాటికి పది ఇళ్ళలో తొమ్మిదింటికి పైగా కరెంటు దీపం వెలుగుతున్నది. ఒక్క తరంలో ఇంత పని జరిగిందంటే అది ముఖ్యంగా బొగ్గుతోనే జరిగింది. బొగ్గును తిట్టేవారు ఈ లెక్క కూడా చూడాలి.

అసలు కరెంటు చరిత్ర ఇది: ఎస్కామ్ సంస్థ 1923లో ఏర్పడింది. మొదట్లో చిన్న చిన్న కేంద్రాలు. మన నేటాల్‌లో కొలెన్సో కేంద్రం రైళ్ళను కరెంటుతో నడపడానికే కట్టారు. న్యూకాసిల్ దగ్గర ఇంగగానే కేంద్రం 1963లో మొదలై 1990లో మూతపడింది. తరువాత పెద్ద కేంద్రాలను ఎక్కువగా ట్రాన్స్‌వాల్ మెరకలో, నేటి మ్పుమలంగాలో, గనుల ప్రక్కనే కట్టారు. బొగ్గు దూరం మోయనక్కరలేదు, గుట్టగా పోసి నిలువ చేసుకోవచ్చు, కావలసినప్పుడు మండించవచ్చు. ఈ మూడు గుణాలవల్ల ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా చౌక కరెంటు ఇచ్చే దేశాలలో మనది ఒకటి. పెట్రోలు సంగతి అలా కాదు. అది బయటినుండి రావాలి. 1973లో అరబ్బు దేశాలు మనకు చమురు ఆపినప్పుడు గంటకు ఎనభై కిలోమీటర్లు మించరాదన్నారు, వారాంతంలో పంపులు మూసివేశారు. స్టాంగర్‌లో మా మేనమామ కూతురి పెళ్ళికి మా పెదనాన్న కారులో వెళ్ళి, తిరిగి రావడానికి పెట్రోలు చాలక, సోమవారం వరకు పెళ్ళివారింట్లోనే ఉండిపోయాడు. పెళ్ళివారు ఏమనుకొన్నారో! బొగ్గునుండి పెట్రోలు తీసే ససోల్ కర్మాగారాలను ఆ తరువాత అంత పెద్దగా పెంచినది ఈ భయంవల్లనే.

మా నాన్నగారు 1987లో పోయారు. చివరి నాలుగేళ్ళు పడుకొని నిద్రపోలేదు. కుర్చీలో కూర్చొని, బల్లమీద దిండు పెట్టుకొని, దానిమీద తల ఆనించి నిద్రపోయేవారు. పడుకొంటే ఊపిరి ఆడేది కాదు. గనివారు పదవీ విరమణనాడు గోడగడియారం ఇచ్చారు. ఊపిరితిత్తుల విషయం ఎత్తితే, షెడ్డు పని లోపలి పని క్రిందికి రాదన్నారు. మేము డర్బన్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆ షెడ్డు జీతంతోనే. మా చెల్లెలు నర్సు అయినదీ దానితోనే. ఆమె నాన్నగారి ఛాతీ చిత్రం చూసి బయటికి వచ్చి ఏడ్చింది. లోపలికి వచ్చి, "ఏమీ లేదు నాన్నా, దగ్గే" అన్నది.

పొగ బొగ్గుది మాత్రమే కాదు. డర్బన్ దక్షిణాన మెర్‌బ్యాంక్‌లో మన వాళ్ళ ఇళ్ళ ప్రక్కనే చమురు శుద్ధి కర్మాగారాలు కట్టారు. మొదటిది 1950లలో, రెండవది 1960లలో. అక్కడి ఒక ప్రాథమిక పాఠశాలలో 2000ల తొలి సంవత్సరాలలో విశ్వవిద్యాలయాలవారు పరీక్షలు చేస్తే పిల్లలలో సుమారు సగంమందికి ఉబ్బసపు లక్షణాలు కనబడ్డాయి. ఆ చుట్టుప్రక్కల పాఠశాలల్లో పని చేసిన మా స్నేహితులు, హాజరు పుస్తకంతో పాటు ఇన్‌హేలర్ల డబ్బా కూడా తరగతికి పట్టుకొని వెళ్ళేవారమని చెబుతారు.

పొగ పైకి పోయి ఊరుకోదు. 2022 ఏప్రిల్‌లో మన క్వాజులు-నేటాల్ వరదలలో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. టోంగాట్ నీటి కేంద్రం కొట్టుకొనిపోయి ఆ ఊరివారు నెలల తరబడి ట్యాంకర్ల ముందు బకెట్లతో నిలబడ్డారు. మన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్ని ఉన్నవో మీకు తెలుసు. బొగ్గు, చమురు మండించి భూమి వేడెక్కించడంవల్ల అటువంటి కుంభవృష్టి పడే అవకాశం రెండింతలైందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. తాత కోకోపాన్ త్రోసిన బొగ్గు పొగ కూడా ఆకాశంలో ఇంకా ఎక్కడో ఉన్నదన్నమాట. ఆ వాయువులో కొంతభాగం వందల ఏళ్ళు పోదట.

ఇక కరెంటు కోతలు. 1998లోనే ప్రభుత్వం తన శ్వేతపత్రంలో, కొత్త కేంద్రాలు కట్టకపోతే 2007 నాటికి కరెంటు చాలదని వ్రాసుకొన్నది. కట్టలేదు. చెప్పిన ఏడాదికే చాలకుండా పోయింది. 2008 జనవరిలో బంగారు గనులు కూడా కొన్ని రోజులు ఆగిపోయాయి. తరువాత మొదలుపెట్టిన మెడూపి, కుసిలే కేంద్రాలు ఏళ్ళ తరబడి ఆలస్యమయ్యాయి. పాత కేంద్రాలకు మరమ్మతు సరిగా జరగలేదు. డబ్బు తిన్నవారి కథ విచారణ సంఘం పుటలలో ఉన్నది. 2023లో మూడు వందల రోజులకు పైగా కోతలు పడ్డాయి. ఇది బొగ్గు దోషమా, మనుష్యుల దోషమా? మా ఉద్దేశంలో మనుష్యులదే ఎక్కువ. కాని ఒకే ఇంధనంమీద ఇల్లంతా నిలబెట్టడం, స్తంభాలను సన్నంగా చెక్కడం వంటిదే.

2022లో కొమాటి కేంద్రాన్ని మూసివేశారు. ఆ ఊరివారు సూర్యఫలకాల మాటలు విన్నారు గాని, ఉద్యోగాలు ముందు పోయాయి. గని మూతపడిన ఊరు ఎలా ఉంటుందో డండీవారిని అడగండి. మా ఊరిలో గని ఆగిన తరువాత ముందు దుకాణం పోయింది, తరువాత బస్సు పోయింది, తరువాత తెలుగు భజన పోయింది. భజనకు నలుగురు కావాలి కదా. వాగు నీరు ఎర్రబడింది. వదిలివేసిన గనిలోని నీరు ఆమ్లమై బయటికి వస్తే అలాగే అవుతుంది.

2023 చలికాలమంతా మా సాయంకాలపు తెలుగు తరగతి కోతల మధ్యనే జరిగింది. కోత ఎన్ని గంటలకో చూసుకొని తరగతి పెట్టుకొనేవారము. ఒకనాడు లెక్క తప్పి మధ్యలో దీపాలు ఆరిపోయాయి. పిల్లలు ఫోన్లు వెలిగించారు. మేము బీరువా పైనుండి మా ఇంటి పాత పారఫిన్ దీపం తెచ్చి వెలిగించాము. ఒక చిన్నది, మా చెల్లెలి మనుమరాలు, ముక్కు మూసుకొని, "తాతా, ఇది ఏమి వాసన?" అని అడిగింది. ఆనాటి పాఠం 'గ' గుణింతం. 'గని' అన్న మాట ముందే నల్లబల్లమీద వ్రాసి ఉన్నది. మిగిలిన గంటా గుణింతం సాగలేదు. ఇంతవరకు మీకు వ్రాసినదంతా ఆ రాత్రి వాళ్ళకు చెప్పినదే, వాళ్ళు ఇళ్ళకు పోయేటప్పటికి కూడా కరెంటు రాలేదు.